పార్కు గడ్డి చావలేదు, పని సగంలో ఆగింది

మా పార్కు బాగోగులు చూసే ఉద్యాన విభాగం అధికారి గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో ఉంటాను. మా కాలనీ పక్కనున్న పార్కులో చాలా ఏళ్లుగా రోజూ పొద్దున నడుస్తున్నాను. జూన్ మూడో వారంలో కాంట్రాక్టర్ మనుషులు మిషన్ తెచ్చి అక్కడి గడ్డినంతా గీకారు. దంతెలతో లాగి, ఎండు గడ్డిని మూలకు కుప్ప పోశారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఇప్పుడు చూస్తే ఎర్రమట్టి, మధ్యమధ్య గోధుమరంగు చారలు. ‘గడ్డి చచ్చిపోయింది, ఇక టైల్స్ వేస్తారంట’ అని వాకర్లు మాట్లాడుకుంటున్నారు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. అందుకే మీకు రాస్తున్నాను.

గీకడం తప్పని నేను అనడం లేదు. అది చేయాల్సిన పనే. ఆ గడ్డి మీద నడుస్తుంటే పరుపు మీద నడిచినట్టు ఉండేది, చాలామందికి అదే ఇష్టం. కానీ వేలు పెట్టి విడదీసి చూస్తే పచ్చటి ఆకుకూ మట్టికీ మధ్య ఎండిన కాడలు, వేర్లు అల్లుకుపోయి అట్ట కట్టి ఉండేవి. ఆ అట్ట అరంగుళం దాటిందంటే పోసిన నీళ్లు మట్టిదాకా దిగవు. వేర్లు కూడా మట్టిలోకి పోకుండా ఆ అట్టలోనే తిరుగుతాయి. నాలుగు రోజులు నీళ్లు ఆగితే గడ్డి వాడిపోతుంది. కాలం కూడా సరిగ్గానే ఎంచుకున్నారు. ఆ మైదానంలో ఉన్నది గరిక, వేడికి పెరిగే గడ్డి. డిసెంబర్, జనవరి చలిలో గీకితే చాలా రోజులు లేవదు. మృగశిర దాటాక గీకితే వాన తోడుంటుంది.

మొన్న ఆదివారం ఆ చారల మధ్య కూర్చుని చిన్న పారతో తవ్వి చూశాను. రెండంగుళాల లోతులో తెల్లటి కాడ ఒకటి దొరికింది, పెన్ను రీఫిల్ అంత సన్నం. దాని మీద దగ్గరదగ్గరగా గణుపులు. మూడు గణుపుల దగ్గర ముల్లులాంటి మొలకలు, కొసలు కొంచెం ఊదారంగులో ఉన్నాయి. నేను పరకాల వైపు పత్తి చేన్ల మధ్య పెరిగినదాన్ని. చేన్లో గరికను ఏరడానికి మా బాపు ఎంత కష్టపడేవాడో చూశాను. కలుపు తీసే గుంటుక తగిలి ముక్కలైతే ఒక్కో ముక్క ఒక్కో మొక్కయి లేచేది. అలాంటి గడ్డి ఒక్క గీకుడుకు చావదండి. దానికి కావాల్సింది నీళ్లు, కాస్త మట్టి, మనుషులు తొక్కకుండా కొన్నాళ్లు.

కానుగ చెట్ల కింద నీడలో ఉన్న నేల చెక్క సంగతి వేరు. అక్కడిది వెడల్పాకు గడ్డి, నర్సరీల్లో బఫెలో గ్రాస్ అంటారు. దాని తీగలు నేల పైనే పాకుతాయి, గరికలా లోపల కాడలుండవు. అంత లోతుగా గీకితే మొదలుతో సహా లేచి వస్తుంది, వచ్చింది కూడా. ఆ చెక్కలో మళ్లీ నాటక తప్పదు. ముందే రెంటినీ వేరు చేసి చూసి ఉంటే ఆ ఖర్చు తప్పేది. ఈ విషయంలో మాత్రం నాకు నిజంగా బాధగా ఉంది.

మిగతా మైదానానికి పెద్ద ఖర్చు లేదు. జల్లించిన ఇసుక, ఎర్రమట్టి, బాగా మాగిన పెంట ఎరువు సమపాళ్లలో కలిపి పైన పలచగా చల్లించండి. 5 మిల్లీమీటర్ల మందం చాలు. దంతె వెనక వైపుతో సర్దితే చారల్లోకి దిగాలి, మొలక కొసలు మాత్రం పైకి కనబడాలి. 100 ఘనపుటడుగులు పట్టే ఒక ట్రాక్టర్ ట్రాలీ మిశ్రమం 500 చదరపు మీటర్లకు సరిపోతుంది. పచ్చి పెంట మాత్రం వద్దు, కలుపు గింజలన్నీ దానితోనే వస్తాయి. చెరువు మట్టి చేనుకు బంగారమే, కానీ ఇక్కడ పైపూతగా వేస్తే ఎండకు అట్ట కట్టి పగులుతుంది.

నీళ్ల దగ్గరే పని చెడుతోంది. మొగులు పట్టి ఊరిస్తోంది గానీ పది రోజులుగా సరైన వాన లేదు. మధ్యలో ఒకరోజు ట్యాంకర్ వచ్చింది. లావుపాటి పైపుతో ఒకేచోట వదిలితే మట్టి కొట్టుకుపోయి, లోపలి కాడలు బయటపడి ఎండాయి. పైపుకు షవర్ తగిలించి, వాన లేని రోజుల్లో మొదటి పది రోజులు పొద్దునా సాయంత్రం నేల తడిసేంత పోస్తే చాలు. తర్వాత రోజులు విడిచి, వేరు కిందికి దిగేలా నిండుగా పోయాలి. పచ్చ తిరిగాక చదరపు మీటరుకు 10 గ్రాముల యూరియా, ఇసుకతో కలిపి చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి. ముందే వేస్తే తుంగ తాగేస్తుంది. మొదటి కోతలో ఆకు పొడవులో మూడో వంతు మించి కోయొద్దని మిషన్ నడిపే అబ్బాయికి చెప్పండి.

ఇక ఆరు వారాలు ఆ మైదానం చుట్టూ తాడు కట్టించండి. పిల్లలు ఆడుకోవడానికి గేటు పక్క ఖాళీ జాగా ఉంది, వాళ్ల అమ్మానాన్నలతో మేం మాట్లాడతాం. ఇప్పుడు కాపాడితే బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాటికి గడ్డి కుదురుకుంటుంది. ఏటా ఎంగిలిపూల రోజు మా కాలనీ ఆడవాళ్లం అక్కడే బతుకమ్మ ఆడతాం. చీకటి పడ్డాక చెప్పులు విడిచి ఆ గడ్డి మీద తిరుగుతుంటే కాళ్లకు తగిలే చల్లదనం టైల్స్ మీద రాదు, సార్. పగలంతా కాగిన రాయి రాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది.

టైల్స్ ఆలోచన ఉంటే ఈ ఆరు వారాలు ఆపండి. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి మేం ఎనిమిది మందిమి జల్లెడలు, దంతెలు పట్టుకుని గేటు దగ్గర ఉంటాం. ఒక ట్రాలీ ఇసుక, షవర్ ఉన్న పైపు, పని తెలిసిన మాలీని ఒకరిని పంపండి.

ఇట్లు,
రోజూ ఆ పార్కులో నడిచే ఒక గృహిణి,
హనుమకొండ