లోలకం పొడవు మీటరు కాదు

సంపాదకుల వారికి,

సైన్సు ప్రదర్శన కోసం లోలకం గడియారం చేసే పిల్లలకు మీ ఆదివారం పేజీలో ఇచ్చిన బొమ్మ బాగుంది. అందులో లోలకం పొడవు మీటరని ఇచ్చారు, ఆ కొలత సరిచేయాలి. లోలకం మీటరు పొడవుంటే మా బరంపురంలో గడియారం రోజుకు ఆరు నిమిషాలు వెనకబడుతుంది. అటూ ఇటూ కలిపి రెండు సెకన్లు పట్టాలంటే ఇక్కడ 99.15 సెంటీమీటర్లు చాలు. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ గురుత్వం తగ్గి లోలకం ఊపు మందగిస్తుంది. 1672లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త రిషే పారిస్‌ నుంచి భూమధ్యరేఖకు దగ్గర్లోని దక్షిణ అమెరికా పట్టణం కయెన్‌కు తీసుకెళ్లిన గడియారం రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది అందుకే.

కడ్డీకీ బరువుంటుంది కనుక ఈ లెక్క కొంచెం కదులుతుంది. దాన్ని సరిచేసుకోవడానికి లోలకం చివరి గుండు కింద 6 మిల్లీమీటర్ల మరకడ్డీ, నట్టు పెట్టించండి. ఒక చుట్టు పైకి బిగిస్తే గుండు ఒక మిల్లీమీటరు లేస్తుంది, గడియారం రోజుకు 43 సెకన్లు ముందుకు జరుగుతుంది. ఇనుప కడ్డీ వద్దు, ఎండకు పది డిగ్రీలు వేడెక్కితేనే రోజుకు ఐదు సెకన్లు పోతాయి. నిలువు పేళ్ల టేకు కడ్డీ నయం. సముద్రపు తేమ ఉంది కాబట్టి వార్నిష్ రెండు పూతలు తప్పవు.

చక్రాలు ప్లైవుడ్‌తోనే కోయాలి. మామూలు చెక్క వానాకాలంలో పేళ్లకు అడ్డంగా ఉబ్బి పళ్లు పట్టేస్తాయి. నిమిషాల ఇరుసు మీద 64 పళ్ల చక్రం 8 పళ్ల చిన్నచక్రాన్ని, దానితో తిరిగే 60 పళ్ల చక్రం మరో 8 పళ్లదాన్ని తిప్పితే, దాని ఇరుసు మీదే ఉండి లోలకం ఊపుకు తగ్గట్టు ఒక్కో పన్నే కదిలే 30 పళ్ల ఎస్కేప్ చక్రం నిమిషానికి ఒక చుట్టు వస్తుంది. ఇరుసు కొనలకు సైకిలు పుల్లలు సరిపోతాయి. నూనె ఆ కొనలకే. చెక్క పళ్లకు రాస్తే దుమ్ము పేరుకుంటుంది, పెన్సిలు ముల్లు పొడి చాలు.

ఇంత చేసినా ఆగిపోయే గడియారాలకు ఎక్కువగా రెండే కారణాలు. మొదటిది టిక్కుకూ టాక్కుకూ మధ్య వ్యవధి సమంగా లేకపోవడం. చెవితో విని, లోలకాన్ని తోసే తీగను కాస్త వంచితే కుదురుతుంది. రెండోది ఊగే బల్ల. ప్రదర్శనలో బల్ల మీద నిలబెడితే లోలకం శక్తిని బల్లే తినేస్తుంది. ఇటుక గోడకు స్క్రూలతో బిగించాల్సిందే.

గడియారాన్ని నడిపే బరువుకు సీసాలో ఇసుక పోసి, నడక ఆగకుండా సాగేదాకా కొద్దికొద్దిగా పెంచండి. నిమిషాల ఇరుసు మీది డ్రమ్ము చుట్టుకొలత 6 సెంటీమీటర్లయితే, మీటరున్నర దిగేసరికి 25 గంటలు నడుస్తుంది. సీసా గుండు ఎత్తుకు వచ్చినప్పుడు తానూ ఊగడం మొదలుపెట్టి లోలకాన్ని ఆపేయొచ్చు. దాన్ని లోలకానికి దూరంగా, పక్కగా దింపాలి.

ఈ కొలతలతో బొమ్మను మళ్లీ వేయగలరని కోరుతున్నాం.

గడియారాల పని తెలిసిన కొందరు పాఠకులు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా