ఈసారి మాంచాల దగ్గర ఆపొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఉగాది దగ్గరకొచ్చింది, మా తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో ఇంక పందిరి రాటలు పాతే పనిలో పడతారు. ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా తొమ్మిది రోజులు, కొన్ని ఊళ్లలో ఆ తర్వాత కూడా, హరికథో బుర్రకథో పద్యనాటకమో కోలాటమో ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది. నేను మా ఊరి పందిరి కమిటీలో ఆరేళ్లుగా ఉన్నాను. అందుకని ఇప్పుడు చెప్పబోయే తప్పులో నాకూ వాటా ఉంది, ముందే ఒప్పేసుకుంటున్నాను.

పోయినేడు నవమి మర్నాడు రాత్రి మా పందిట్లో బుర్రకథ పెట్టించాం. కథ పల్నాటి యుద్ధం. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు, పక్క జిల్లా నుంచి ఆటో మాట్లాడుకుని సాయంత్రం అయిదున్నరకే దిగిపోయారు. కథ చెప్పేది యాభై దాటిన ఆడమనిషి, పక్కన వంత పాడే ఇద్దరిలో హాస్యం వంత ఆమె భర్త, రెండో వంత వాళ్ల మేనల్లుడు. బడి వరండాలో మొహాలకు రంగు వేసుకుని, గజ్జెలు కట్టుకుని, గుమ్మెట డోళ్లు సరిచూసుకుని ఏడింటికల్లా సిద్ధంగా కూర్చున్నారు. జనం కూడా వచ్చేశారు. ముసలివాళ్లు చాపలు తెచ్చుకున్నారు, పిల్లలు స్టేజీ ముందు మట్టిలో కూర్చున్నారు, పానకం రెండో బిందె నడుస్తోంది.

ముఖ్య అతిథి ఎనిమిదిన్నరకు వచ్చారు. ఆయన వెంట ఇంకో పదిమంది వచ్చారు. తర్వాత ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు, ఏ ఊళ్లోనైనా జరిగేది అదే. వేదిక మీదికి పిలవడానికే ఇరవై నిమిషాలు పట్టింది, ఎందుకంటే ఒకరి పేరు మర్చిపోయాం, ఆయన అలిగారు, మళ్లీ బతిమాలి పిలిచాం. ఆ తర్వాత ఉపన్యాసాలు, దాతల సన్మానాలు. మర్నాడు లెక్కలు రాస్తుంటే తేలింది, మొత్తం 23 శాలువాలు కప్పాం. శాలువాలకు, మెమెంటోలకు కలిపి అయిన ఖర్చు బుర్రకథ వాళ్లకు ఇచ్చిన డబ్బుకి రెండు వేలు తక్కువ, అంతే! ఆ లెక్క చూసినప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు.

కథకు మైకు దొరికేసరికి పది నలభై. రాత్రి పది తర్వాత ఆరుబయట మైకు పెట్టకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. మాకు ఆ రాత్రికి 12 దాకా పర్మిషన్ ఉంది. అంటే మూడు గంటలు నడవాల్సిన కథకు మేం మిగిల్చింది గంటా ఇరవై నిమిషాలు.

బుర్రకథ తెలిసినవాళ్లకు ఇదెంత అన్యాయమో అర్థమవుతుంది. తెలియని కుర్రాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. మధ్యలో తంబురా భుజాన వేసుకుని, చేతి వేళ్లకు అందెలు పెట్టుకుని అడుగులేస్తూ చెప్పేవాళ్లే కథకులు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం. రెండోవాళ్లు కథ మధ్యలో దూరి ఇవాళ్టి ధరలూ రాజకీయాలూ మాట్లాడతారు, అందుకే ఆ వంతని రాజకీయం అంటారు. జనం నాడి పట్టుకోవడానికే కథకులకు అరగంట పడుతుంది. ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ వీర రసం ఎత్తుకోవాలి అన్నది ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాలు చూసి తేల్చుకుంటారు. 'తొందరగా కానివ్వండి' అని పక్కనుంచి సైగలు చేస్తే ఇంకేం కథ!

ఆమె ఎలాగో లాక్కొచ్చింది. కోడిపందెం అయింది, మాచర్ల వాళ్ల వలస అయింది, రాయబారానికి వెళ్లిన అలరాజు విషానికి బలయ్యాడు, యుద్ధానికి బయల్దేరే ముందు బాలచంద్రుడు భార్య మాంచాల ఇంటి గడపలో నిలబడ్డాడు. అక్కడ కానిస్టేబుల్ వచ్చాడు. అతన్ని అనడానికి లేదు, పందిరి చివర నిలబడి పది నిమిషాలు తనూ విని, ఇక తప్పదన్నట్టు గడియారం చూపించాడు. సౌండ్ కుర్రాడు మైకు కట్టేశాడు. ముందు వరసలో ఒక ముసలావిడ మాత్రం కదల్లేదు. 'మరి యుద్ధానికి కారెంపూడి ఎప్పుడు పోతార్రా?' అని మా కమిటీ వాళ్ల వంక చూసి అడిగింది. మాలో ఎవ్వరం నోరెత్తలేదు.

అప్పుడు ఆ కథకురాలు తంబురా పట్టుకుని స్టేజీ దిగొచ్చింది. చాపలు దగ్గరికి లాక్కోమని చెప్పి, మైకు లేకుండా, వంతలిద్దరూ గుమ్మెటలు వేలి కొసలతో మెల్లగా వాయిస్తుంటే, ఓ పది నిమిషాల్లో యుద్ధం ముగించేసింది. ఆరేళ్లుగా పందిట్లో బుర్రకథ వింటున్నాను గానీ మాట మాటా తెలిసింది మాత్రం ఆ పది నిమిషాలే. మా సౌండు బాక్సులు డీజే కోసం తెచ్చినవి, వాటిలో ఎవరి గొంతైనా డబ్బాలో గులకరాళ్లేసి ఊపినట్టు ఉంటుంది. మధ్యలో హాస్యం వంత ఆయన, 'కారెంపూడిలో తెగిన తలలకన్నా ఇవాళ కప్పిన శాలువాలే ఎక్కువమ్మా' అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వానే గానీ సిగ్గేసింది.

ఇంకో సంగతి. ఆ సాయంత్రం మైకులో 'మనం పద్మశ్రీ నాజర్ పుట్టిన జిల్లా వాళ్లం' అని గొప్పగా చెప్పింది నేనే. బుర్రకథకు పేరు తెచ్చిన షేక్ నాజర్‌ది మా గుంటూరు జిల్లా పొన్నెకల్లు, ఆయన చెప్పిన పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు మా నాన్న తరానికి కంఠతా వచ్చు, 1986లో పద్మశ్రీ ఇచ్చారు. అదంతా నిజమే. కానీ అది చెప్పడానికి నేను ఏడు నిమిషాలు తీసుకున్నాను, పైగా నాజర్ గురించి నేను మాట్లాడుతున్నంతసేపూ ఆయన విద్యతో బతుకుతున్న ముగ్గురూ మెట్ల పక్కన నిలబడే ఉన్నారు.

పరిషత్తు నాటక పోటీల్లో చూడండి, నాటికకి ఇంత సమయమని ముందే రాసిస్తారు, దానికి లోబడే ఆడాలి. ఆడేవాళ్లకు గడియారం ఉంది, మాట్లాడేవాళ్లకే లేదు. ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజని తెలుగు రంగస్థల దినోత్సవం చేస్తాం, ఆ రోజూ చాలాచోట్ల ఇదే వరస, ముందు గంటన్నర సభ, తర్వాత ఖాళీ కుర్చీల ముందు నాటకం.

ఇప్పుడు మీ పేపర్ సంగతి. కోపం తెచ్చుకోకండి. ఆ మర్నాడు జిల్లా పేజీలో 'ఆకట్టుకున్న బుర్రకథ' అని వచ్చింది. ఫొటోలో ముఖ్య అతిథి, శాలువా, నేను సగం. కళాకారుల పేర్లు లేవు. అసలు విషయమేంటంటే ఆ వార్త వెళ్లేసరికి కథ మొదలే కాలేదు. జిల్లా పేజీకి తొమ్మిదికల్లా పంపాలట, విలేకరి తమ్ముడు అడిగితే 'బాగా జరిగిందని రాసెయ్యి' అన్నది కూడా నేనే. కనుక తప్పు సగం మీది, సగం మాది.

ఈసారి కమిటీలో పెద్ద గొడవే అయింది గానీ చివరికి ఒక మాట మీదికి వచ్చాం. కథ సరిగ్గా ఏడింటికి మొదలు, ఎవరొచ్చినా రాకపోయినా. ఎనిమిదిన్నరకు పావుగంట విరామం, అతిథులందరూ కలిసి ఆ పావుగంటలోనే మాట్లాడాలి. పదిలోపు మంగళం. డబ్బు మొత్తం స్టేజీ ఎక్కకముందే చేతిలో పెడతాం, 'రేపు ఫోన్‌పే చేస్తాం' అనే మాట వద్దనుకున్నాం. డీజే బాక్సులు వద్దు, మామూలు మైకులు రెండు చాలు. శాలువాలు మూడే, ఆ ముగ్గురికీ. 'మరి నా పేరు ఎప్పుడు చదువుతారు?' అని ఒక పెద్ద దాత అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే, పందిరికి డబ్బిచ్చింది ఆయనే కదా. దాతల పేర్లన్నీ పెద్దక్షరాలతో బోర్డు రాయించి పానకం ఇచ్చే చోట పెడతామన్నాం. అక్కడికి రాని మనిషంటూ ఉండడు. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు.

మీ నుంచి కావాల్సింది రెండే. కార్యక్రమం అయ్యాక కాదు, ముందు రోజు వెయ్యండి: ఏ ఊరు, ఏ కథ, చెప్పేవాళ్లెవరు, ఎన్నింటికి. నాలుగు రోజుల ముందే వివరాలు పంపుతాను. మా ఊరిదే కాదు, చుట్టుపక్కల పందిళ్లన్నిటివీ రోజువారీగా ఓ చిన్న డబ్బాలో వేస్తే పక్క ఊరివాళ్లూ బండేసుకుని వస్తారు. ఫలానా ఊళ్లో హరికథ ఉందని అయిపోయాక తెలిసి ఎన్నిసార్లు ఉసూరుమన్నామో. రెండోది, విలేకరిని ఏడింటికే పంపండి. ఏడుంబావుకే ఫొటో దొరుకుతుంది, మీ తొమ్మిది గంటల టెన్షన్ కూడా ఉండదు.

మొన్న ఆ కథకురాలికి ఫోన్ చేసి మళ్లీ రమ్మన్నాను. తేదీ రాసుకుంది, ఆటో కిరాయి పెరిగిందని చెప్పింది, తర్వాత కాసేపాగి, 'కథ మాంచాల దగ్గర్నుంచి ఎత్తుకోమంటారా బాబూ?' అని అడిగింది.

మొదట్నుంచీ చెప్పమ్మా అన్నాను.

ఇట్లు,
ఒక పందిరి కమిటీ సభ్యుడు,
తెనాలి దగ్గరి పల్లె, గుంటూరు జిల్లా