పార్కు కూడా ‘జంగిల్ క్లియరెన్సే’నా?

సంపాదకులకు,

అయ్యా,

‘పచ్చని పార్కు ఒడిలో ఒలింపిక్ ప్రాంగణం’ అన్న శీర్షికతో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ గురించి మీ క్రీడాపుటలో వ్యాసం వచ్చి పది రోజులైంది. కోపంలో రాస్తే మీరు వేయరని మా అబ్బాయి అంటే ఆగాను. పది రోజులైనా కోపం తగ్గలేదు కనుక ఇక రాసేస్తున్నాను.

నాలుగేళ్లుగా ఇక్కడ కొడుకు దగ్గర ఉంటూ, ఒలింపిక్ స్టేడియం కడతారని మీరు రాసిన ఆ విక్టోరియా పార్కులోనే రోజూ ఉదయం నడుస్తున్నాను. అంతకుముందు 31 ఏళ్లు ఒక ప్రభుత్వ ఇంజినీరింగు శాఖలో అంచనాలు వేసి, వాటిని సవరించి, సవరించిన వాటిని మళ్లీ సవరించి పదవీ విరమణ చేశాను. అందుకే, ఈ స్టేడియం ‘ముందుచూపుతో, ఏకాభిప్రాయంతో’ వస్తోందని మీ వ్యాసకర్త రాసిన వాక్యం దగ్గర ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

2021 జులైలో టోక్యోలో ఈ నగరానికి 2032 ఒలింపిక్ క్రీడలు దక్కినప్పుడు చెప్పిన మాట ఏమిటంటే, 84 శాతం వేదికలు ఇప్పటికే ఉన్నవో, తాత్కాలికంగా వేసేవో అని. ప్రధాన వేదికగా క్రికెట్ చూసేవారందరికీ తెలిసిన గబ్బా మైదానాన్ని పునర్నిర్మిస్తామన్నారు. 100 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లతో అయిపోతుందన్న ఆ పని రెండేళ్లు తిరక్కుండానే 270 కోట్లకు చేరింది. అంచనాలు పెంచే విద్యలో మనవాళ్లను మించినవారు లేరని ఇన్నాళ్లూ గర్వపడేవాణ్ణి, ఆ గర్వం కాస్తా అణగింది. 2024 మార్చిలో మాజీ మేయరు గ్రాహం క్వర్క్ నాయకత్వంలోని సమీక్ష బృందం విక్టోరియా పార్కులో 340 కోట్లతో కొత్త స్టేడియం కట్టమని సిఫారసు చేస్తే, అప్పటి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) స్టీవెన్ మైల్స్ అదే రోజు కాదని, నేథన్‌లోని పాత అథ్లెటిక్స్ మైదానాన్ని బాగుచేస్తే చాలన్నారు. కొత్త స్టేడియం కట్టబోమని ఎన్నికల ముందు హామీ ఇచ్చిన ప్రతిపక్ష నేత డేవిడ్ క్రిసాఫుల్లి అక్టోబరులో గెలిచి ప్రీమియర్ అయ్యారు. 2025 మార్చి 25న అదే పార్కులో 63 వేల సీట్ల స్టేడియాన్ని, ఈసారి 380 కోట్లతో, ఆయనే ప్రకటించారు. మాట తప్పినందుకు క్షమాపణ చెప్పారని ఒప్పుకోవాలి, మన దగ్గర ఆ మర్యాదకూ దిక్కులేదు. గబ్బాను క్రీడల తర్వాత కూల్చేస్తారట. ఏకాభిప్రాయమంటే ఇదేనా?

380 కోట్ల డాలర్లంటే 20 వేల కోట్ల రూపాయల పైమాటే. ఆటలకు ఇంకా ఏళ్లుండగా వేసిన అంచనా ఏ గతి పడుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

డబ్బు సంగతి పక్కన పెడదాం. ఆ పార్కు సుమారు 64 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు 160 ఎకరాలు. ఊరి నడిబొడ్డున, పెద్దాసుపత్రి పక్కనే ఉంది. ఆ నేలను ఇక్కడి ఆదివాసులు బర్రాంబిన్ అంటారు, గాలి వీచే చోటు అని దాని అర్థం. 19వ శతాబ్దంలో వారిని అక్కడి నుంచి బలవంతంగా తరిమేశారు. తర్వాత తొంభై ఏళ్లు అందులో అధిక భాగం గోల్ఫ్ ఆడేవాళ్లదే. 2021లో గోల్ఫ్ కోర్సు మూసి, అందరికీ పార్కుగా మారుస్తామని నగర పాలకులే చెప్పారు. జనం గట్టిగా నాలుగడుగులు వేశారో లేదో, స్టేడియం వచ్చి మీద కూర్చుంది. దానితోపాటు 1959 నాటి సెంటినరీ పూల్ దగ్గర 25 వేల మంది పట్టే ఈత కేంద్రం కూడా కడతారు. మా అంచనాల్లో మొదటి పద్దు ఎప్పుడూ ‘జంగిల్ క్లియరెన్స్’, అంటే స్థలంలోని చెట్టూచేమా తీసేయడం. చెట్టు ఎంత పాతదైనా, దాని కింద ఎందరు కూర్చున్నా, కాగితం మీద అది తొలగించాల్సిన చెత్తే. నేనూ అలా ఎన్నో సంతకాలు పెట్టాను, అది గుర్తొచ్చి ఇప్పుడు ఆ పార్కులో నడవడం ఇబ్బందిగానే ఉంది.

ఆ పార్కు రాష్ట్ర వారసత్వ జాబితాలో ఉందన్న సంగతి మీ వ్యాసంలో ఎక్కడా లేదు. జాబితాలో ఉంటే మాత్రం ఏమైంది లెండి. 2025 జూన్‌లో శాసనసభ ఒలింపిక్ వేదికలను ఏకంగా 15 చట్టాల నుంచి మినహాయించింది, అందులో వారసత్వ చట్టమూ పర్యావరణ చట్టమూ ఉన్నాయి. ఇల్లు కట్టుకునే మామూలు మనిషి ప్రహరీ ఒక అడుగు జరిపితే నోటీసు ఇచ్చే వ్యవస్థ, తనకు అడ్డమొచ్చిన చట్టాన్ని మాత్రం అలవోకగా పక్కకు జరిపింది.

చివర్లో ‘హైదరాబాద్ ఈ బాట పట్టాలి’ అని మీరు రాసిన సలహా చదివి భయం వేసింది. 2002 జాతీయ క్రీడలకు గచ్చిబౌలిలో స్టేడియం కట్టుకున్నాం, మరుసటి ఏడాది ఆఫ్రో-ఏషియన్ క్రీడలూ జరుపుకున్నాం. లాల్ బహదూర్ స్టేడియమంటే జనానికి పరుగుపందేలకన్నా బహిరంగ సభలూ ప్రమాణ స్వీకారాలే ముందు గుర్తొస్తాయి. కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల పేరు ఎత్తినప్పుడల్లా చెట్ల కోసం జనం రోడ్డెక్కాల్సి వస్తోంది. ఉన్న స్టేడియాల్లో పిల్లలు ఆడుతున్నారో లేదో ముందు మీ విలేకరిని పంపి రాయించండి.

మరొక్క మాట. వ్యాసంతో మీరు వేసింది ఫొటో కాదు, వాస్తుశిల్పులు గీసిన ఊహాచిత్రం. స్టేడియం ఇంకా లేనేలేదు. అందులో పార్కు నిండా కనిపించే చెట్లు కూడా గీసినవే. కనీసం ఆ సవరణ అయినా, ఫొటో వేసిన సైజులోనే ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజినీరు,
బ్రిస్బేన్ (స్వస్థలం తెనాలి)