చిన్నాకు, తెనాలి నుంచి

చిరంజీవి చిన్నాకు అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నగారి మోకాలు నొప్పి తగ్గింది. నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది. సీతత్త నిన్ను చూసిందట, చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలున్నాయంది. ఎక్కడో తగిలి ఉంటుందిలే అన్నాను.

నిన్న రాత్రి రూమ్మేట్ రిపోర్టు పెట్టి, ఏఎంఎల్ అంటే ఏంటని అడిగావు. ఫోన్‌లో అయితే మాట మార్చేస్తావు, అందుకే రాస్తున్నా. చెల్లి ఈ ఉత్తరాన్ని ఫోటో తీసి పంపుతుంది.

ఏఎంఎల్ అంటే ఒక రకం రక్త క్యాన్సర్. ఎముకల మూలుగలో పుట్టే తెల్లకణాలు ఎదగకుండా పసితనంలోనే ఆగిపోయి, గుంపులుగా పెరిగి, మంచి రక్తానికి చోటు లేకుండా చేస్తాయి. 1976లో కణం రూపాన్ని బట్టి రకాలు కట్టడం మొదలైంది, తర్వాత ఎం0 నుంచి ఎం7 దాకా ఎనిమిదయ్యాయి. ఇప్పుడు జన్యువులు కూడా చూస్తున్నారు.

నేను ల్యాబులో చేరిన కొత్తలో, మూసే వేళకి ఓ కాలేజీ అమ్మాయి రక్తం వచ్చింది. పన్ను తీయించుకుంటే రక్తం ఆగట్లేదట. స్లైడుకి రంగు వేసి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి చూశాను. కణం లోపల సన్నటి ఎర్ర పుల్లలు, మోపు కట్టినట్టు. మా డాక్టరుగారు చూసి లేచి నిలబడ్డారు. "ఎం3, ఈ రాత్రికే పంపాలి" అన్నారు. ఇవాళ అమావాస్య, తెల్లారాక బయల్దేరతామన్నాడు తండ్రి. డాక్టరుగారు వినలేదు, తన కారులోనే ఎక్కించుకుపోయారు. ఆ పిల్లకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు, సంక్రాంతికి వచ్చి కనిపిస్తుంది.

ఎం3లో 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారవుతాయి. విటమిన్ ఎ జాతి మందు ఆట్రా, ఆర్సెనిక్ కలిపి ఇస్తే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. భయమంతా మొదటి రోజుల్లో రక్తస్రావం గురించే. అందుకే అనుమానం రాగానే ఆట్రా మొదలుపెడతారు, జన్యు రిపోర్టు కోసం ఆగరు. మిగతా రకాలకు మామూలుగా కీమో ఎక్కిస్తారు, కొందరికి మూలుగ మార్పిడి కావాలి.

ఆస్పిరిన్, బ్రూఫెన్ వేసుకోకు. మెత్తటి బ్రష్ వాడు. రూమ్మేట్‌కి కూడా చెప్పు.

నాన్నా, నువ్వు పెట్టిన రిపోర్టు ఫోటోలో పేరు దగ్గర వేలు అడ్డం పెట్టావు. ప్లేట్‌లెట్లు 18 వేలు. వయసు 27. ఆ అబ్బాయి నీకంటే రెండేళ్లు పెద్ద కదూ?

ఇవాళ బండికే వస్తున్నాను. ఈసారి ఆవకాయ తేవడం లేదు, ఇప్పుడు ఊరగాయలు వద్దు. పెసరపప్పు మెత్తగా ఉడికించి పెడతాను. నేను వచ్చేదాకా ఆగకు, ఇది చదవగానే పెద్దాసుపత్రికి వెళ్లు.

అమ్మ