ప్యాడ్ కొనే ముందు తూటా డబ్బా చూడండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి షూటింగ్ శిబిరాల మీద మీ క్రీడా పేజీలో వచ్చిన కథనం బాగుంది, ఒక్క సలహా తప్ప. షాట్‌గన్ నేర్చుకునేవాళ్లకు మొదటి నెల భుజం కమిలితే ఓర్చుకోవాలని, ఆ తర్వాత అదే అలవాటైపోతుందని రాశారు. భుజానికి ఏమీ అలవాటవదు. ట్రిగ్గర్ నొక్కబోయే ముందే కళ్లు మూయడం, తల పైకెత్తడం అలవాటవుతాయి. ఆ రెండూ ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో, అంటే ముందుకు ఎగిరిపోయే క్లే బిళ్లలను కాల్చే పోటీలో, జట్టుకు స్వర్ణం తెచ్చినవారిలో ఒకడు, వ్యక్తిగత కాంస్యం కూడా గెలిచినవాడు హైదరాబాదీ కైనాన్ చెనాయ్. ఆ పోటీ క్వాలిఫికేషన్లోనే 125 క్లేలు, ఒక్కో క్లేకి రెండేసి తూటాలు కాల్చే వీలుంది. భుజం నొప్పిని పళ్ల బిగువున భరిస్తూ అన్ని క్లేల మీద ఒకే తీరున గురి నిలపడం ఎవరి తరమూ కాదు. తుపాకీ తన్నక మానదు గాని, ఎంత తన్నాలన్నది చాలావరకు మన చేతిలో ఉన్న పని.

శిబిరంలో చేర్పించగానే తల్లిదండ్రులు ముందు కొనేది తుపాకీ వెనక కొనకు తగిలించే మందపాటి రబ్బరు ప్యాడ్. నిజానికి అది చివర చూడాల్సింది. ముందు చూడాల్సింది తూటా డబ్బా మీద అచ్చేసిన అంకెలు. అంతర్జాతీయ ట్రాప్, స్కీట్ (క్లేలు రెండు పక్కల నుంచి అడ్డంగా ఎగిరే పోటీ) పోటీల్లో సీసం గుళ్ల బరువు 24.5 గ్రాములు దాటకూడదు, అందుకే వాడేది 24 గ్రాముల తూటా. 3.6 కిలోల ట్రాప్ తుపాకీలో ఆ తూటా వెనక్కి తన్నే శక్తి లెక్క వేస్తే సుమారు 22 జౌళ్లు (జౌల్ అంటే శక్తి కొలమానం). అదే తుపాకీలో 28 గ్రాములది పేలిస్తే 29 దాకా పోతుంది. ఇంట్లో తాతల నాటి 3.1 కిలోల జంట గొట్టాల తుపాకీ ఉందని, అందులో 36 గ్రాముల వేట తూటా పెట్టి సాధన చేయిస్తే 50 దాటుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లవాడి భుజం మీద రెట్టింపుకు మించిన దెబ్బ వేసి, వాడికి ధైర్యం లేదనడం అన్యాయం.

గుళ్ల బరువు ఒక్కటే చూస్తే సరిపోదు. వేగం కూడా డబ్బా మీదే ఉంటుంది. 24 గ్రాముల తూటాల్లోనే సెకనుకు 385 మీటర్ల రకాలున్నాయి, 425 మీటర్లవీ ఉన్నాయి. ఈ రెండింటి మధ్య తన్నులో తేడా ఇరవై శాతం పైనే. స్కీట్‌లో క్లే దాదాపు 20 మీటర్ల దూరంలోనే పగులుతుంది కాబట్టి నేర్చుకునే దశలో ఆ అదనపు వేగంతో ఒరిగేదేమీ లేదు. 12 బోర్‌లో (బోర్ అంటే గొట్టం లావు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం) 21 గ్రాముల తూటా దొరికితే ఇంకా మేలు, తన్ను 17 జౌళ్లకు దిగుతుంది. మనకు దొరికే రకాలు తక్కువన్నది నిజమే. అయినా ఉన్నవాటిలో నెమ్మదైనది అడిగి తీసుకోవడానికి అడ్డేముంది?

ఆడపిల్లలకని, చిన్నవాళ్లకని 20 బోర్ ఇప్పించడం ఇంకో పొరపాటు. 20 బోర్ తుపాకీ తేలిక, 2.8 కిలోలు ఉంటుందనుకుందాం. దాంట్లో 24 గ్రాముల తూటా పెడితే బరువైన 12 బోర్‌లో 28 గ్రాములు కాల్చినంత తన్ను వస్తుంది. చిన్న గొట్టం చూసి చిన్న దెబ్బ అనుకుంటారు, లెక్క మాత్రం తుపాకీ బరువును బట్టి నడుస్తుంది.

పాత తుపాకీలున్న ఇళ్లకు ఒక హెచ్చరిక. వాటిలో చాలావాటి చాంబర్, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు, 65 మి.మీ. ఉంటుంది. 70 మి.మీ. తూటా నోరు ముడిచి ఉన్నప్పుడు 60 మి.మీ.లోపే ఉంటుంది కాబట్టి చక్కగా లోపలికి పోతుంది, తుపాకీ కూడా మూసుకుంటుంది. డబ్బా మీది 70 అన్న అంకె, పేలాక నోరు విచ్చుకున్న కేసు, అంటే తూటా గుల్ల, పొడవు. విచ్చుకోవడానికి చోటు లేక ఆ నోరు గొట్టం మొదట్లోని సన్నని భాగంలోకి చొరబడి దారిని ఇరుకు చేస్తుంది. ఒత్తిడి పెరుగుతుంది, తన్ను పెరుగుతుంది, గొట్టానికే ప్రమాదం. గొట్టాల అడుగున చదునుగా ఉండే చోట చాంబర్ పొడవు ముద్ర వేసి ఉంటుంది. అది కనిపించకపోతే లైసెన్సున్న తుపాకుల మరమ్మతుదారుతో కొలిపించేదాకా ఆ తుపాకీ జోలికి పోవద్దు.

తూటా సరిగ్గా ఉన్నా నొప్పి తగ్గకపోతే, కమిలిన చోటు ఎక్కడో చూడాలి. అదే సగం రోగం చెప్పేస్తుంది. ఇక్కడ చెప్పేదంతా కుడిచేతి వాటం వాళ్ల సంగతి. ఎడమవాళ్లు తిప్పి చదువుకోవాలి. దండ కండ మీద కమిలిందంటే స్టాక్, అంటే తుపాకీ వెనక కట్టె, పొడవెక్కువ, లేదా బట్‌ని, అంటే భుజానికి ఆనే దాని కొనని, భుజం కీలు బయటికి పెడుతున్నారు. కాలర్ ఎముక మీదైతే బట్ మరీ మెడ వైపు, మరీ ఎత్తులో ఆనుతోంది. చంక దగ్గర, రొమ్ము పైభాగంలో ఒక చుక్కలా కమిలితే బట్ కింది కొన ఒక్కటే పొడుచుకుంటోంది. చెంప ఎముక మీదైతే స్టాక్ పై అంచు, అంటే కోంబ్, తేడాగా ఉంది. మధ్యవేలు కణుపు వాచిందంటే పట్టు వదులై ట్రిగ్గర్ గార్డు వెనక్కొచ్చి కొడుతోంది. స్టాక్ పొట్టిగా ఉన్నా ఇదే జరుగుతుంది.

స్టాక్ పొడవు కొలిచేది ట్రిగ్గర్ నుంచి బట్ మధ్యదాకా. విదేశీ ట్రాప్ తుపాకులు 370 నుంచి 375 మి.మీ.తో వస్తాయి. అయిదడుగుల మూడంగుళాల అమ్మాయికి సాధారణంగా 345–355 మధ్య సరిపోతుంది. మోచేయి మడిచి ముంజేతి మీద బట్ ఆనించి కొలిచే దుకాణం పద్ధతిని నమ్మొద్దు. ఖాళీ తుపాకీని, పోటీలో వేసుకునే వెస్ట్‌తోనే భుజానికెత్తి, బొటనవేలి మొదలుకీ ముక్కుకీ మధ్య రెండు వేళ్ల సందు, అంటే 25 నుంచి 40 మి.మీ., ఉందో లేదో చూడాలి. సందు లేకపోతే బొటనవేలు ముక్కును గుద్దుతుంది. మరీ ఎక్కువుంటే తుపాకీ ఎత్తేటప్పుడు బట్ చంకలో తట్టుకుంటుంది. 5, 6 మి.మీ. స్పేసర్లు (బట్‌కీ ప్యాడ్‌కీ మధ్య పెట్టే పలకలు) ఒక్కొక్కటే వేసి, తీసి చూడాలి. కట్టె కోయడం మాత్రం పొడవు తేలాక, ఆఖరిగా. కోసిన ముక్క మళ్లీ అతకదు.

కింది కొన పొడుచుకుంటే బట్‌కీ ప్యాడ్‌కీ మధ్య, పై స్క్రూ దగ్గర, రెండు మి.మీ. వాషర్ ఒకటి వేయండి. పై కొన కాస్త వెనక్కి జరిగి కింది కొన ఒంటికి దూరమవుతుంది, బట్ మొత్తం వెడల్పుగా ఆనుతుంది. ఆడవాళ్లకు చాలాసార్లు ఈ ఒక్క వాషరే మందు. ఖర్చు పది రూపాయలు కూడా ఉండదు. మన రేంజుల్లో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ కావడం విచారకరం.

చెంప దెబ్బ సంగతి వేరు. వేట తుపాకుల స్టాక్ వెనక్కి పోయేకొద్దీ బాగా వాలుతుంది. పేలగానే తుపాకీ వెనక్కి జరుగుతుంది, చెంప ఉన్నచోటే ఉంటుంది. అప్పటిదాకా ముందున్న ఎత్తైన భాగం దాని కిందికి వచ్చి పైకి గుద్దుతుంది. ట్రాప్ తుపాకులకు గొట్టంతో సమాంతరంగా సాగే కోంబ్ పెట్టేది ఇందుకే. కోంబ్ ఎత్తు మార్చుకునే స్టాక్ అయితే మంచిదే, కానీ దాన్ని 3 మి.మీ. పెంచితే 35 మీటర్ల దగ్గర గుళ్లు సుమారు 11 సెం.మీ. పైకి పోతాయి. అంటే సరిగ్గా ఒక క్లే వెడల్పు. మార్చిన ప్రతిసారీ కాగితం మీద కాల్చి చూసుకోకపోతే నొప్పి పోయి స్కోరు కూడా పోతుంది.

ఇక నిలబడే తీరు. బరువులో సగానికి పైగా ముందు కాలి మీద, ముక్కు ఆ కాలి బొటనవేలికి ఎదురుగా. తలను తుపాకీ దగ్గరికి దించకూడదు, తుపాకీనే చెంపకు తెచ్చుకోవాలి, ఆ వెంటనే భుజానికి. 24 గ్రాముల తూటాకి తుపాకీ సెకనుకు మూడున్నర మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. బట్‌కీ భుజానికీ మధ్య వేలెడు సందున్నా ఆ వేగంతో వచ్చి కొడుతుంది. ముందే ఆని ఉంటే ఒంటిని మొత్తంగా నెడుతుంది. స్కీట్‌లో క్లే కనిపించేదాకా బట్ వెస్ట్ మీద వేసిన గుర్తును తాకి ఉండాలన్నది నియమం. తొందరలో సగం ఎత్తి పేల్చేది అక్కడే, కాబట్టి స్కీట్ నేర్చుకునేవాళ్లు ఖాళీ తుపాకీతో ఇంట్లో ఎత్తడం సాధన చేయాలి. గదిలో తూటా ఉండకూడదు, రెండు గొట్టాలూ తెరిచి చూసుకున్నాకే.

బరువు పెంచడం పనికొస్తుంది గాని అద్భుతాలు చేయదు. 200 గ్రాములు కలిపితే తన్ను అయిదు శాతం తగ్గుతుంది. ఆ బరువంతా స్టాక్ రంధ్రంలోనే దూరిస్తే గొట్టం మూతి తేలికై, తిప్పుతున్న తుపాకీ మధ్యలో ఆగిపోతుంది. వెనక కొంత, గొట్టం కింద కొంత వేసి, గొట్టాలు మడిచి తెరిచే కీలు పిన్ను దగ్గరే తూకం నిలిచేలా చూసుకోవాలి. పదిహేనేళ్ల పిల్లలకైతే చేతులు పీకి మూడో రౌండుకే తుపాకీ కిందికి వాలుతుంది, వద్దు.

ప్యాడ్ వంతు ఇప్పుడు. అది శక్తిని మింగదు, దెబ్బ తగిలే సమయాన్ని సాగదీస్తుంది. 20–25 మి.మీ. మందంది చాలు. ఆ మందం మేరకు స్టాక్ పొడవు పెరుగుతుందని మరవొద్దు. వెస్ట్‌లో పెట్టే జెల్ ముక్కకీ ఇదే లెక్క. మెత్తని రబ్బరు చొక్కాకి పట్టుకుంటే పై కొన గుండ్రంగా రుద్ది, నున్నటి టేపు వేయాలి. కోస్తా తేమకీ మన ఎండలకీ కొన్ని రకాల ప్యాడ్లు ఏళ్లు గడిచాక జిగురై రాలిపోతాయి. కారు డిక్కీలో వదిలేస్తే ఇంకా త్వరగా.

గొట్టానికి రంధ్రాలు వేస్తే తన్ను తగ్గుతుందని చెప్పేవాళ్లున్నారు. 24 గ్రాముల తూటాతో తేడా స్వల్పం, పక్కవాడి చెవికి మాత్రం మోత ఎక్కువ. ప్రత్యేక లైసెన్సు లేకుండా గొట్టం పొట్టిగా కోయడానికి 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ఒప్పుకోదు కూడా. స్థానిక మిస్త్రీ చేత గొట్టం మీద ఏ పనీ చేయించవద్దు.

నొప్పి అనుకున్నది చాలాసార్లు మోత. చెవిలో ప్లగ్గు, పైన చెవులు కప్పే మఫ్ రెండూ పెడితే బెదురు సగం తగ్గుతుంది. మఫ్ కోంబ్‌కి తగలకుండా పలచనిది తీసుకోవాలి. బెదురు పట్టిందో లేదో తెలుసుకోవడానికి కోచ్ చెప్పకుండా ఒక పేలని డమ్మీ తూటా పెడితే చాలు. టిక్కుమన్నప్పుడు మూతి కిందికి ఊగితే ఆ రోజుకి ఆపేయాలి, మర్నాడు 21 గ్రాములతో దగ్గరి తేలిక క్లేల నుంచి మొదలుపెట్టాలి.

శిబిరాల ప్రకటనలు మీ పేజీల్లో వస్తూనే ఉంటాయి. ఫీజు, తేదీల పక్కన రెండు వివరాలు అడిగి వేయండి: నేర్చుకునేవాళ్లకు ఎన్ని గ్రాముల తూటా ఇస్తారు, పొడవు మార్చుకునే స్టాకున్న తుపాకీ ఎన్ని ఉన్నాయి. తల్లిదండ్రులు కూడా డబ్బు కట్టే ముందు అడగాల్సినవి ఇవే.

ఇట్లు,
ఒక షాట్‌గన్ శిక్షకుడు,
హైదరాబాద్