కథల్లో చావు ముగింపు కోసమేనా?

పత్రికల్లో, పోటీల్లో వస్తున్న కథల్లో చావును కథ ముగించడానికి వాడుకోవడం బాగా ఎక్కువైంది. పాత్ర పోతుంది, అందరూ ఏడుస్తారు, తప్పు చేసినవాడు మారిపోతాడు, అంతే. కానీ చావును దగ్గరగా చూసిన ఇళ్లలో అసలు కష్టం అంతకు ముందూ ఆ తర్వాతా ఉంటుంది: రోగికి నిజం చెప్పాలా వద్దా అన్న టెన్షన్, సేవ చేసి చేసి అలసిపోయినవాళ్లకు ఆ మనిషి పోయాక కలిగే తేలిక, అలా తేలికపడ్డామే అని మళ్లీ లోపల కుమిలిపోవడం, ఇవేవీ కథల్లోకి రావట్లేదు. 1886లోనే రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ 'ఇవాన్ ఇలియిచ్ మరణం' అనే నవలికలో దీన్ని పట్టుకున్నాడు. చనిపోతున్న మనిషిని నొప్పితో పాటు చుట్టూ ఉన్నవాళ్లు ఆడే అబద్ధం కూడా వేధిస్తుంది, పనివాడు గెరాసిం ఒక్కడే ఏదీ దాచకుండా అతని కాళ్లు తన భుజాల మీద పెట్టుకుని కూర్చుంటాడు (ఎన్నిసార్లు చదివినా నన్ను కదిలించేది అక్కడే). పిల్లల కథల్లో అయితే మరీ అన్యాయం, తాతయ్య దూరం వెళ్లాడని చెప్పి తప్పించుకుంటారు, పిల్లలేమో ఎప్పుడొస్తాడని ఎదురుచూస్తుంటారు. సంపాదకులు గారూ, మీ పత్రిక ఏడాదికి ఒక్క సంచికైనా మరణం, దుఃఖం మీద కథలకు కేటాయించాలి, నర్సుల చేత, రోగుల్ని ఇంట్లో చూసుకున్నవాళ్ల చేత రాయించాలి, పిల్లల పేజీలో కూడా చావును చావు అనే చెప్పే కథలు వేయాలి.