మొగిలి ఘాట్‌లో మా లారీకి సాయపడినవారికి కృతజ్ఞతలు

లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడల్లా వేడెక్కిపోయే మా లారీ జబ్బు కనిపెట్టడంలో సాయపడ్డ ముగ్గురికి, అంటే పలమనేరులో ఉండే ఒక విశ్రాంత ఆర్టీసీ మెకానిక్ గారికి, ఘాట్‌లో తన బండి పక్కన పెట్టి దిగివచ్చిన కర్ణాటక లారీ డ్రైవరుకు, కొచ్చి నుంచి ఫోనులో విసుగు లేకుండా మాట్లాడిన మా మేనల్లుడికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలని ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయవద్దని పెద్దాయన గట్టిగా చెప్పారు. కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు.

మామిడి కాలంలో మా చిన్న లారీకి రెండు దారులు. తోతాపురి అయితే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకు వెళుతుంది. బేనీషా అయితే బంగారుపాళెం నుంచి మొగిలి ఘాట్ ఎక్కి, పలమనేరు, ముళబాగిలు మీదుగా బెంగళూరు చేరాలి. ఫ్యాక్టరీ గేటు ముందు మిట్టమధ్యాహ్నపు ఎండలో బండిని కొంచెం కొంచెంగా జరుపుతూ ఎంతసేపు నిలబడినా టెంపరేచర్ ముల్లు కదిలేది కాదు. అదే బండి లోడుతో ఘాట్ ఎక్కడం మొదలుపెడితే సగం దారిలోనే ముల్లు ఎర్ర గీత దగ్గరికి చేరేది. రేడియేటర్ నిండుగానే ఉంది. ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది. వేడిని బట్టి నీటి దారి తెరిచే థర్మోస్టాట్ కొత్తది వేయించాం. చివరికి ఒక షెడ్డులో హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైభాగమైన హెడ్ కింద, మంట, నీళ్ళు, ఆయిల్ ఒకదానిలో ఒకటి కలవకుండా ఆపే పలక) పోయిందని, హెడ్ దించాల్సిందేనని తేల్చేశారు. కాయ రంగు తిరుగుతున్న రోజుల్లో బండి షెడ్డులో పడుకుంటే ఏమవుతుందో మామిడి రైతుకు వేరే చెప్పనక్కర్లేదు.

ఒకసారి అలాగే వేడెక్కి ఘాట్‌లో బండి ఆపుకున్నాం. ఆ కర్ణాటక లారీ డ్రైవరు వచ్చేసరికి మా క్లీనర్ కుర్రాడు రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతున్నాడు. ఆయన వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. లోపలి నీళ్ళు ఒత్తిడిలో ఉంటాయి, నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన క్షణంలో మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ఇంజను ఆపవద్దని, ఖాళీగా ఆడనివ్వమని కూడా ఆయనే చెప్పారు. ముల్లు చకచకా దిగింది. “ఇంత త్వరగా దిగిందంటే ఏదో ఉంది, మీ మెకానిక్‌కు చెప్పండి” అని వెళ్ళిపోయారు.

మా మేనల్లుడు తెరచాప పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. నీళ్ళలో తేలే పడవకు ఇంజను వేడెక్కడం ఏమిటని నవ్వాను. గాలి లేనప్పుడూ, రేవులోకి వచ్చేటప్పుడూ దానికి డీజిల్ ఇంజనే దిక్కట. సముద్రపు నీరు పడవ అడుగున ఉన్న వాల్వు గుండా వచ్చి, జల్లెడ దాటి, రబ్బరు రెక్కల పంపు ద్వారా హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి వెళుతుంది. అక్కడ ఇంజను వేడిని తీసుకుని పొగతో కలిసి బయట పడుతుంది. అందుకే వాళ్ళు ముందుగా పొగగొట్టం నుంచి నీళ్ళు పడుతున్నాయా లేదా అని చూస్తారు. తగ్గితే వాల్వు, జల్లెడలో నాచు, పంపు రెక్కలు వరుసగా వెతుకుతారు. “హెడ్ జోలికి పోకముందు పంపుకు నీళ్ళు అందుతున్నాయో లేదో చూడు మామా, పీల్చే వైపు చూడు” అన్నాడు.

ఈ మాటలన్నీ పెద్దాయన ముందు పెట్టాను. ఆయన అడిగినవి చాలా కొద్ది ప్రశ్నలు: ఎప్పుడు వేడెక్కుతుంది, ఎప్పుడు దిగుతుంది, ఏ గేరులో? ఖర్చు గురించి మాట్లాడినవాళ్ళే గాని, అంతకు ముందు ఇది అడిగినవారు లేరు. చల్లని ఇంజనును మూత తీసి స్టార్ట్ చేయించారు. నీళ్ళలో బుడగలు రాలేదు. ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూస్తే ఆయిల్ తెల్లబడలేదు. “గ్యాస్కెట్ బాగానే ఉంది నాయనా” అని మూత బిగించి, ఇంజను వేడెక్కాక యాక్సిలరేటర్ తొక్కించి, టార్చి వేసి రేడియేటర్ కింది హోస్ పైపు చూడమన్నారు.

బోండాంలో నీళ్ళు అయిపోవచ్చినప్పుడు గట్టిగా పీలిస్తే స్ట్రా అతుక్కుపోతుందే, అచ్చం అలా మూసుకుపోయింది ఆ పైపు. కాలు తీయగానే మళ్ళీ గుండ్రంగా తెరుచుకుంది. అది వాటర్ పంపు పీల్చే వైపు. పైపు నొక్కుకుపోకుండా లోపల తీగ చుట్ట ఉంటుంది. కోసి చూస్తే తీగ తుప్పుపట్టి ముక్కలైంది, రబ్బరు మెత్తబడింది. బండి మా చేతికి రాకముందు, తుప్పు పట్టనివ్వని కూలెంట్ పోయకుండా, బోరు నీళ్ళతోనే నడిచినట్టుంది. ఘాట్‌లో చిన్న గేరులో ఇంజను వేగంగా తిరిగినప్పుడల్లా నీటి దారి మూసుకుపోయేది. ఖాళీగా ఆడితే తెరుచుకునేది. డ్రైవరు చూసిన ముల్లు అందుకే దిగింది.

తీగ ఉన్న కొత్త పైపు, కొత్త క్లిప్పులు వేసి, లోపల తుప్పు పోయేదాకా కడిగి, కూలెంట్‌లో సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి నింపాం. రేడియేటర్ మూతలోని చిన్న వాల్వు బిగుసుకుపోయినా పైపు ఇలాగే నొక్కుకుపోతుందని, దాన్ని కూడా పరీక్షించారు. వేలల్లో పోయేది వందల్లో తీరింది. బేనీషా లోడు ఘాట్ ఎక్కింది, ముల్లు మధ్యలోనే ఉంది.

పెద్దాయన డబ్బు ముట్టుకోలేదు. మల్గోవా బుట్ట మాత్రం ఇంట్లో అమ్మగారు ఒప్పించాక తీసుకున్నారు. మేనల్లుడికి నీలం కాయలు పార్సిల్ చేశాను. డ్రైవరు గారి ఫోను నంబరు తీసుకునే వీలు లేకపోయింది. అయ్యా, ఇది మీ కంటపడితే, బంగారుపాళెం మార్కెట్టుకు లోడు కోసం వచ్చినప్పుడు ఒక కబురు చేయండి, ఆ పూట భోజనం మా ఇంట్లోనే.